పంటికీ చేతివాటానికీ చుట్టరికం ఎంత?

పాపాయికి ఆరో నెల దాటాక రెండు సంగతులు ఇంచుమించు ఒకేసారి మొదలవుతాయి. కింది చిగురు మధ్యలో సన్నటి తెల్లని అంచు ఒకటి బయటపడుతుంది. ఎదురుగా ఆడే బొమ్మ కోసం చెయ్యి చాపడమూ అప్పుడే ఊపందుకుంటుంది. కాస్త జాగ్రత్తగా చూస్తే, ఒక చెయ్యి రెండోదానికంటే తరచుగా ముందు లేస్తోందని కూడా అనిపిస్తుంది. రెండున్నర, మూడేళ్లు వచ్చేసరికి 20 పాలపళ్లూ వచ్చేస్తాయి. చెంచా ఏ చేత్తో పట్టుకోవాలో, గోడ మీద గీతలు ఏ చేత్తో గీయాలో చాలామంది పిల్లలు తేల్చేసుకునేదీ ఆ వయసులోనే. ఆరేళ్లకు మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. చేతివాటం, అంటే ఏ చెయ్యి ఎక్కువగా వాడతామన్నది, ఇక మారదు అనేంతగా గట్టిపడేదీ దాదాపు అప్పటికే.

రెండు గడియారాలు పక్కపక్కన ఒకే టైము చూపిస్తుంటే, ఒకటి రెండోదాన్ని నడిపిస్తోందేమో అనుకోవడం సహజం. పళ్లు ఆలస్యంగా వస్తే ఎడమచేతి వాటం వస్తుందా? ఎడమవైపు పన్ను ముందు మొలిస్తే చెయ్యి కూడా ఎడమేనా? తల్లిదండ్రులకు సరదాగా తోచే ఈ ప్రశ్నలను దంత పరిశోధకులు కొన్ని దశాబ్దాలుగా సీరియస్‌గానే అడుగుతున్నారు. ఇప్పటిదాకా తేలినదాన్ని బట్టి చూస్తే చుట్టరికం ఉన్నమాట నిజమే, కానీ అది దూరపుది. పంటి నుంచి చేతికి సూటి దారి ఏదీ లేదు. రెండూ తల్లి గర్భంలో తొలి మూడు నెలల్లోనే మొదలవుతాయి, ఒకే రకం ఒడిదుడుకులకు లోనవుతాయి కాబట్టి ఆ పోలిక వచ్చింది. చిత్రమేమిటంటే ఎదురు దిశలో బంధం చాలా గట్టిది. చెయ్యి గురించి పన్ను చెప్పగలిగేది కొంచెమే. పంటి మీద చెయ్యి రాసి వదిలేది మాత్రం లక్షల ఏళ్ల తర్వాత కూడా చదవొచ్చు.

పుట్టకముందు మొదలయ్యే లెక్క

పాలపన్ను ఆరో నెలలో "వస్తుంది" అంటాం గానీ, అది అప్పటికి చాలా కాలంగా తయారవుతూనే ఉంటుంది. గర్భం ఆరో వారంలో, పిండం ఇంకా అంగుళమైనా లేని దశలో, నోటి లోపలి పొర దవడ ఆకారంలో ఒక గట్టులా మందమవుతుంది. పళ్ల మొగ్గలు ఆ గట్టు నుంచే పుడతాయి. సుమారు 14వ వారానికి ముందు పళ్లలో గట్టి పదార్థం పేరుకోవడం మొదలవుతుంది. ఆరేళ్లకు బయటపడే మొదటి శాశ్వత దవడపన్ను కూడా బిడ్డ పుట్టే రోజులకే గట్టిపడటం మొదలుపెడుతుంది. అంటే చిగురు చీల్చుకుని పన్ను కనబడే తేదీ, ఒక పొడుగాటి కథలో దాదాపు చివరి పేజీ.

పంటికి మెదడుతో ఒక పుట్టుక సంబంధం కూడా ఉంది. పంటి పైపూత అయిన ఎనామిల్ బయటి చర్మపు పొర నుంచి వస్తుంది. లోపలి డెంటిన్, దాని లోపలి గుజ్జు మాత్రం న్యూరల్ క్రెస్ట్ అనే కణాల నుంచి వస్తాయి. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం అంచుల నుంచి విడిపోయి, ముఖం వైపు ప్రయాణించి వచ్చే కణాలివి. నాడీమండలం ఎదుగుదలలో ఏదైనా తేడా వస్తే దాని ఛాయ పళ్లలో కూడా కనిపించవచ్చన్న ఊహకు మూలం ఇదే. ఊహ బాగుంది. దానికి ఇంకో ఆకర్షణ కూడా ఉంది. ఎముక జీవితాంతం కరుగుతూ, మళ్లీ కడుతూ ఉంటుంది. ఎనామిల్ అలా కాదు, ఒకసారి ఏర్పడ్డాక మారదు. పుట్టిన రోజు నాటి ఒత్తిడి కూడా పాలపళ్ల ఎనామిల్‌లో ఒక సన్నని గీతగా నిలిచిపోతుంది, మైక్రోస్కోపులో కనిపిస్తుంది. పళ్లంటే పరిశోధకులకు అంత మక్కువ అందుకే. అడగకుండానే డైరీ రాసిపెట్టే అవయవం ఇంకోటి లేదు.

చేతి సంగతికొస్తే, దాని ఆరంభం కూడా ఇంతే తొందర. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో పీటర్ హెప్పర్ బృందం గర్భస్థ శిశువులను అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో గమనిస్తూ వచ్చింది. పదో వారం నాటికే చాలామంది శిశువులు ఎడమ చెయ్యికంటే కుడి చెయ్యిని ఎక్కువగా కదిలిస్తున్నారని వాళ్లు గుర్తించారు. బొటనవేలు చీకే శిశువుల్లో పదింట తొమ్మిది మందికి పైగా కుడి వేలే చీకుతున్నారు. ఆ శిశువుల్లో 75 మందిని పది, పన్నెండేళ్లు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని చూశారు. గర్భంలో కుడి వేలు చీకిన 60 మందీ కుడిచేతి వాటం వాళ్లే అయ్యారు. ఎడమ వేలు చీకిన 15 మందిలో 10 మంది ఎడమచేతి వాటంతో ఉన్నారు, మిగతా అయిదుగురు కుడికి మారారు. 2005లో వచ్చిన ఈ ఫలితం చిన్న సంఖ్యల మీద ఆధారపడిందే అయినా, చేతివాటం బడిలోనో ఇంట్లోనో పుట్టే అలవాటు కాదనడానికి బలమైన సాక్ష్యం.

2017లో జర్మనీలోని బోహుమ్ రూర్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో అడుగు వెనక్కి వెళ్లారు. ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య పిండాల వెన్నుపాములో కుడి, ఎడమ సగాల్లో జన్యువులు ఒకేలా పనిచేయడం లేదని చూపించారు. మెదడులో చేతిని నడిపే భాగానికీ వెన్నుపాముకూ అప్పటికింకా తీగలు కలవనే లేదు. అంటే వాటం అనేది మెదడు నుంచి కిందికి దిగిందనుకునే పాత బొమ్మను కాస్త తిరగేయాల్సి వచ్చింది. పంటి మొగ్గలు ఆకారం దిద్దుకునేదీ సరిగ్గా ఈ వారాల్లోనే. కాలెండరు కలిసింది. ఇక తేల్చాల్సింది, కాలెండరు తప్ప ఇంకేమైనా కలుస్తోందా అన్నది.

కుడి పన్ను, ఎడమ పన్ను

నోట్లో ప్రతి పంటికీ అవతలి వైపు ఒక జత ఉంటుంది. ఈ జతలు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి ఇంకోదానికంటే వెంట్రుకవాసి వెడల్పు ఉండొచ్చు, రెండు మూడు వారాలు ముందు రావచ్చు. ఈ తేడాల్లో రెండు రకాలున్నాయి. వాటిని కలిపేస్తే గందరగోళమే. మొదటి రకం తేడా ఒక బిడ్డలో కుడికి, ఇంకో బిడ్డలో ఎడమకు, ఏ పద్ధతీ లేకుండా అటూ ఇటూ ఊగుతుంది. శరీరం తన నమూనాను ఎంత కచ్చితంగా అచ్చు వేయగలిగిందో చెప్పే కొలత అది. జ్వరం, పోషణ లోపం, నెలలు నిండకపోవడం లాంటివి ఈ ఊగిసలాటను పెంచవచ్చు. రెండో రకం తేడా జనాభా మొత్తంలో ఒకే వైపుకు మొగ్గుతుంది. గుండె ఎడమవైపు ఉండటం, పదిమందిలో తొమ్మిది మంది కుడిచేతి వాటంతో ఉండటం ఈ రెండో రకానికి చెందుతాయి. ముఖంలో కూడా ఇలాంటి మొగ్గు లేకపోలేదు. ఒక్క వైపే వచ్చే గ్రహణమొర్రి కుడివైపు కంటే ఎడమవైపు సుమారు రెండింతలు ఎక్కువ.

పళ్ల రాకలో కుడి, ఎడమ తేడాను చేతివాటంతో పోల్చి చూసినవాళ్లలో ఫిన్లండ్‌లోని ఔలు యూనివర్సిటీ దంత పరిశోధకులు ముఖ్యులు. 1959లో అమెరికాలో మొదలైన ఒక భారీ అధ్యయనం వాళ్లకు పెన్నిధిలా దొరికింది. 50 వేలకు పైగా గర్భాలను నమోదు చేసి, పుట్టిన పిల్లలను ఏడెనిమిదేళ్ల దాకా వెంబడించిన అధ్యయనం అది. వాళ్లలో కొన్నివేల మంది పిల్లల పళ్ల అచ్చులు కూడా భద్రంగా ఉన్నాయి. ఏ చేత్తో రాస్తారు, ఏ కాలితో తంతారు, ఏ కంటితో గురి చూస్తారు అన్న వివరాలను ఆ అచ్చులతో జోడించి 2001లో ఒక విశ్లేషణ ప్రచురించారు. శాశ్వత దంతాలు వచ్చే తీరులో, కొన్ని పళ్ల విషయంలో, వాటాన్ని బట్టి చిన్న చిన్న తేడాలు కనిపించాయి. ఆ "కొన్ని", "చిన్న" అన్న రెండు మాటలనూ చదివేవాళ్లు గట్టిగా పట్టుకోవాలి.

ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. జ్ఞానదంతాలు వదిలేస్తే శాశ్వత దంతాలు 14 జతలు. ఒక్కో జతలో కుడి, ఎడమ తేడాను చెయ్యి, కాలు, కన్ను, చెవి అనే నాలుగు వాటాలతో పోల్చామనుకుందాం. మొత్తం 56 పోలికలు. వీటిలో ఏ ఒక్కదానికీ నిజమైన సంబంధం లేకపోయినా, గణాంకాల్లో మామూలుగా వాడే "ఇరవైలో ఒక్కటి" ప్రమాణం ప్రకారం రెండు మూడు పోలికలు కేవలం యాదృచ్ఛికంగానే "సంబంధం ఉంది" అని చెయ్యెత్తుతాయి. కాబట్టి ఒక అధ్యయనంలో ఫలానా పన్ను ఎడమచేతి వాటం పిల్లల్లో ముందొచ్చిందన్న ఫలితం ఒక్కటే చాలదు. వేరే పిల్లల్లో, వేరే పరిశోధకుల చేతిలో, అదే పన్ను, అదే వైపుకు మళ్లీ మొగ్గాలి. ఈ రంగంలో అలా మళ్లీ మళ్లీ నిలబడిన ఫలితాలు తక్కువ.

ఇంకో ఉచ్చు కూడా ఉంది, ఇది మరీ సులువుగా కాలికి తగిలేది. శాశ్వత దంతాలు ఆడపిల్లల్లో మగపిల్లల కంటే కొన్ని నెలలు ముందే వస్తాయి. ఎడమచేతి వాటం మగపిల్లల్లో కాస్త ఎక్కువ. ఈ రెండూ వేర్వేరు నిజాలు, ఒకదానితో ఒకదానికి పనిలేదు. కానీ ఆడ, మగ పిల్లలను కలిపి ఒకే రాశిగా పోసి లెక్కేస్తే, ఎడమచేతి వాటం పిల్లలకు పళ్లు ఆలస్యంగా వస్తాయన్న ఫలితం దానంతటదే ఊడిపడుతుంది. అందులో పంటి గొప్పా లేదు, చేతి గొప్పా లేదు. ఇలాంటి వార్త కనిపించినప్పుడు ఆడ, మగ లెక్కలు విడదీశారా అని ముందు చూడాలి.

పైగా పన్ను వచ్చిన తేదీ చాలా అధ్యయనాల్లో ఇంట్లోవాళ్ల జ్ఞాపకమే. చేతివాటం కొలతా అంత సాఫీగా ఉండదు. రాసే చెయ్యి ఒకటి, బంతి విసిరే చెయ్యి ఇంకోటి అయినవాళ్లు బోలెడంతమంది. ఎడమచేత్తో రాస్తే మందలించి మార్పించిన కాలాల్లో లెక్కలు ఇంకా తారుమారు. బ్రిటన్‌లో 1900 ప్రాంతంలో పుట్టినవారిలో ఎడమచేతి వాటం 3 శాతం దగ్గర ఉండేది. తర్వాతి తరాల్లో అది 10 శాతం దాటింది. జన్యువులు అంత వేగంగా మారవు. మారింది మందలింపే. 20 లక్షలకు పైగా మంది వివరాలను కలిపి 2020లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఎడమచేతి వాటం 10.6 శాతం.

జన్యువుల దగ్గర కలుస్తాయా?

పంటికీ కుడి ఎడమలకూ ముడి వేసే జన్యువు కావాలంటే ఒకటి సిద్ధంగా ఉంది. దాని పేరు పిట్‌ఎక్స్2. పిండంలో ఎడమ వైపు ఏదో శరీరానికి చెప్పే జన్యువుల వరసలో ఇది కీలకమైనది. గుండె, పేగులు ఏ వైపు మెలి తిరగాలో దీని మీద ఆధారపడుతుంది. పంటి మొగ్గ పుట్టబోయే చోట మొట్టమొదట మేల్కొనే జన్యువుల్లోనూ ఇదొకటి. ఇది దెబ్బతింటే ఆక్సెన్‌ఫెల్డ్-రీగర్ సిండ్రోమ్ అనే అరుదైన సమస్య వస్తుంది. అందులో కంటి లోపాలతో పాటు కొన్ని పళ్లు అసలు మొలవవు. ఒకే జన్యువు గుండెకు ఎడమ చూపిస్తోంది, పంటికి పుట్టుక ఇస్తోంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది.

అక్కడే ఆగితే తప్పులో కాలేసినట్టే. పళ్ల మొగ్గల్లో పిట్‌ఎక్స్2 రెండు వైపులా పనిచేస్తుంది, ఎడమకు పరిమితం కాదు. రెండో ఆధారం ఇంకా బలమైనది. సుమారు 10 వేల మందిలో ఒకరికి లోపలి అవయవాలన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటాయి, గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు. గుండెకు వైపు చూపించే యంత్రాంగమే చేతికీ వైపు చూపిస్తుంటే, వీళ్లలో ఎక్కువమంది ఎడమచేతి వాటం వాళ్లు కావాలి. కానీ వీళ్లలో కూడా ఎక్కువమంది కుడిచేతి వాటం వాళ్లే. శరీరంలో కుడి, ఎడమ తేల్చే పని ఒకే ఆఫీసు నుంచి జరగడం లేదన్నమాట. గుండెకో డిపార్ట్‌మెంటు, చేతికో డిపార్ట్‌మెంటు. పంటికి కుడి ఎడమల బెంగ పెద్దగా లేనే లేదు, దాని పని రెండు వైపులా ఒకే అచ్చు పోయడం.

చేతివాటం జన్యువుల వేట విడిగా సాగుతోంది. కవలల అధ్యయనాలను బట్టి వాటంలో తేడాలకు జన్యువుల వాటా పావు వంతు మాత్రమే. 17 లక్షలకు పైగా మందిని చూసిన 2021 నాటి అధ్యయనం ఎడమచేతి వాటంతో ముడిపడ్డ 41 జన్యు స్థానాలను గుర్తించింది. వాటిలో కొన్ని కణాల లోపలి సన్నని గొట్టాలకు, అంటే మైక్రోట్యూబ్యూల్స్‌కు సంబంధించినవి. 2024లో నైమేఖెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు టియుబిబి4బి అనే జన్యువులో అరుదైన మార్పులు ఎడమచేతి వాటం వాళ్లలో 2.7 రెట్లు ఎక్కువని చూపించారు. అది కూడా ఆ గొట్టాలకు ఇటుకలు అందించే జన్యువే. పళ్ల కథ దీనికి భిన్నం. అవి ఏ వయసులో వస్తాయన్నది చాలావరకు వంశపారంపర్యమే. అమ్మానాన్నలకు ఆలస్యంగా పళ్లొచ్చిన ఇంట్లో బిడ్డకూ ఆలస్యమైతే ఎవరూ ఆశ్చర్యపోరు. ఒకటి జన్యువులు గట్టిగా పట్టుకున్న లక్షణం, రెండోది జన్యువులు వదులుగా వదిలేసిన లక్షణం. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని ఊహించడం కష్టమవడానికి ఇదొక కారణం.

దవడ దగ్గర దొరికిన జాడ

పళ్లను వదిలి, పళ్లు కూర్చునే దవడ దగ్గరికి వస్తే కాస్త గట్టి సంకేతం కనిపిస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో దంతవైద్య ఆచార్యుడు ఫిలిప్ హుజోల్ అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేల్లో మూడింటిని జల్లెడ పట్టి, 13,536 మంది వివరాలు పరిశీలించారు. కింది దవడ సన్నగా, వెనక్కి ఉండి, పై పళ్లు ముందుకు వచ్చినట్టు కనిపించే ముఖం ఉన్నవారిలో ఎడమచేతి వాటం అవకాశం 25 శాతం ఎక్కువని 2017లో ప్రకటించారు.

25 శాతం అనగానే పావు వంతు మంది ఎడమచేతి వాటం వాళ్లే అనుకునే ప్రమాదం ఉంది. మామూలుగా వెయ్యి మంది పిల్లల్లో వంద మంది ఎడమచేతి వాటం అనుకుందాం. దవడ సన్నగా ఉన్న వెయ్యి మందిలో ఆ సంఖ్య 125 దాకా వెళుతుంది. మిగతా 875 మంది కుడిచేతి వాటమే. సన్నటి దవడ చూసి "ఇతను ఎడమచేతి వాటం" అని పందెం కడితే ఎనిమిదింట ఏడుసార్లు ఓడిపోతారు. వేలమందిని ఒకచోట చేర్చినప్పుడు కనిపించే మొగ్గుకూ, ఒక బిడ్డ గురించి చెప్పగలిగే జోస్యానికీ మధ్య దూరం ఇది.

ఇదే పరిశోధకుడు తర్వాత సుమారు 60 వేల మంది తల్లీబిడ్డల వివరాలు కలిపి చూసి, సీసా పాలు తాగిన పిల్లల్లో కంటే తల్లిపాలు తాగిన పిల్లల్లో ఎడమచేతి వాటం కొంత తక్కువని చెప్పారు. తల్లిపాలు తాగిన పిల్లల్లో పళ్ల వరస, దవడ ఎదుగుదల మెరుగ్గా ఉంటుందన్నది వేరే అధ్యయనాల్లో బాగా రుజువైన సంగతి. చనుమొనను పట్టి లాగడానికి దవడ కండరాలు చేసే కసరత్తు సీసా దగ్గర ఉండదు. ఇక్కడ మాత్రం పంటినీ చేతినీ ఒకే తాడుతో కట్టగల మూడో వస్తువు ఒకటి కనిపిస్తోంది. అయితే గర్భంలోనే వేలు ఎంచుకున్న బిడ్డ వాటాన్ని పుట్టాక తాగిన పాలు ఎంత మార్చగలవు? పాలు తాగడంలో ఇబ్బంది పడే బిడ్డలకే సీసా పట్టడం జరుగుతుంటే, కారణం పాలు కాక ఆ ఇబ్బంది వెనక ఉన్నదేదో కావచ్చు. తల్లిపాలు ఇవ్వడానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి, చేతివాటం వాటిలో చేరనక్కరలేదు. ఎడమచేతి వాటం తప్పించుకోవాల్సిన జబ్బు కాదు కదా.

మూడో వస్తువు అన్న ఆలోచనకు అన్నిటికంటే మంచి ఉదాహరణ నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు. వీళ్లకు పుట్టిన తేదీ నుంచి లెక్కేస్తే పళ్లు ఆలస్యంగా వస్తాయి. నెలలు నిండి పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేస్తే ఆలస్యం చాలావరకు మాయమవుతుంది. కుడిచేతి వాటం కాని పిల్లలు వీళ్లలో సుమారు రెండింతలు ఎక్కువని 2011లో అనేక అధ్యయనాలను కలిపి వేసిన లెక్క తేల్చింది. ఇప్పుడు ఏ బడిలోనైనా పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పళ్ల తేదీలు, చేతివాటం రాసుకుంటే, నెలలు నిండని ఈ కొద్దిమంది వల్లే రెండింటి మధ్య సన్నని దారం కనిపిస్తుంది. వాళ్లను పక్కన పెడితే దారం ఇంకా సన్నబడుతుంది.

ఆ పిల్లల పళ్లలో ఇంకో విచిత్రం ఉంది. పై ముందు పళ్ల ఎనామిల్ మీద మచ్చలు, గుంటలు వీళ్లలో ఎక్కువ. ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయించుకున్న పిల్లల్లో అవి కుడివైపు కంటే ఎడమవైపు పళ్ల మీద ఎక్కువగా కనిపిస్తాయి. ఎదుగుదలలో కుడి ఎడమల రహస్యం ఏదో ఉందని సిద్ధాంతం కట్టేయొచ్చు. అసలు కారణం లారింగోస్కోపు. గొట్టం వేసేటప్పుడు నోరు తెరిచి పట్టే ఆ పరికరాన్ని ఎడమచేత్తో పట్టుకోవడం పద్ధతి, పట్టుకునే డాక్టరు కుడిచేతి వాటం మనిషైనా సరే. దాని ఒత్తిడి చిగురు లోపల ఇంకా తయారవుతున్న పంటి మీద పడి, నెలల తర్వాత మచ్చగా బయటికొస్తుంది. బిడ్డ పంటి మీద కుడి ఎడమల తేడాకు కారణం ఇంకొకరి చెయ్యి.

చెయ్యి రాసే రాత

అసలు బలమైన బంధం ఈ దిశలోనే ఉంది. బొటనవేలు చీకే అలవాటు మూడేళ్లు దాటి కొనసాగితే పై, కింది ముందు పళ్ల మధ్య ఖాళీ ఏర్పడుతుంది, పై పళ్లు ముందుకు తోసుకొస్తాయి. చాలాసార్లు ఆ ఖాళీ సరిగ్గా మధ్యలో ఉండదు, వేలు ఆనిన వైపుకు ఒరిగి ఉంటుంది. ఏ చేతి వేలు నోట్లోకి వెళుతుందో ఆ నోరు చూసి చెప్పగలిగే సందర్భాలుంటాయి. శాశ్వత ముందు పళ్లు రాకముందే అలవాటు పోతే ఈ ఖాళీ చాలావరకు దానంతటదే పూడిపోతుంది.

బ్రష్ రాతా ఇలాంటిదే. కుడిచేత్తో తోముకునేవాళ్లకు ఎడమవైపు పళ్ల మీద బ్రష్ బాగా ఆనుతుంది. కుడి కోరపన్ను దగ్గర మణికట్టు తిప్పుకోవాలి, అక్కడ తోమడం తగ్గిపోతుంది. పెద్దవాళ్లలో చిగురు అంచు దగ్గర పన్ను అరగడం బ్రష్ పట్టే చేతికి అవతలి వైపున ఎక్కువగా ఉండటం తరచూ చూసేదే. చిన్నపిల్లల విషయంలో ఒక మెలిక ఉంది. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా తోమే పని పెద్దవాళ్ల చేతిలో, కనీసం వాళ్ల కనుసన్నల్లో ఉండాలన్నది దంతవైద్యుల మాట. అప్పటిదాకా ఆ పళ్ల మీద మిగిలిపోయే పాచి పిల్లవాడి వాటం కంటే తోమేవాళ్ల వాటాన్నే ఎక్కువ చూపిస్తుంది. ఏ వైపుతో నములుతారన్నది మాత్రం చేతితో కలుస్తుందో లేదో ఇంకా తగువే. కలుస్తుందన్న అధ్యయనాలూ ఉన్నాయి, కలవదన్నవీ ఉన్నాయి. పుచ్చిన పన్ను ఉన్న వైపు నమలడం ఎవరైనా మానేస్తారు కాబట్టి ఆ కొలత మీద పెద్ద నమ్మకం పెట్టుకోలేం.

ఈ రాతల్లో అతి పాతది టాంజానియాలోని ఓల్డువాయ్ లోయలో దొరికింది. సుమారు 18 లక్షల ఏళ్ల నాటి హోమో హాబిలిస్ అనే ఆదిమ మానవ జాతి పై దవడ అది, పరిశోధకులు పెట్టిన గుర్తు ఓహెచ్-65. దాని ముందు పళ్ల బయటి వైపున ఏటవాలుగా సన్నని గాట్లు కనిపిస్తాయి. మాంసం లాంటిదేదో ముందు పళ్లతో కరిచిపట్టి, ఎడమచేత్తో లాగి బిగించి, కుడిచేతిలోని రాతి పనిముట్టుతో కోస్తుంటే, అప్పుడప్పుడు చెయ్యి జారి పంటి మీద గీత పడేది. కుడిచేత్తో కోస్తే గీతలు ఒక ఏటవాలుకు, ఎడమచేత్తో కోస్తే అందుకు ఎదురు ఏటవాలుకు పడతాయి. కాన్సాస్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ ఫ్రేయర్ బృందం 2016లో ఆ గాట్లను లెక్కపెట్టి, ఆ మనిషిది కుడిచేతి వాటమని తేల్చింది. స్పెయిన్‌లోని సిమా డె లోస్ వెసోస్, క్రొయేషియాలోని క్రాపినా గుహల్లో దొరికిన ప్రాచీన మానవుల పళ్ల మీద కూడా ఇదే ఏటవాలు ఎక్కువ. చేతి ఎముకలు ఒక్కటీ దొరకనప్పుడు కూడా చేతివాటం తెలిసింది పంటి వల్లే.

ఇప్పటి పిల్లల దగ్గరికి తిరిగొస్తే, కుడి ఎడమ పళ్ల మధ్య కొన్ని వారాల తేడా మామూలే. ఒకవైపు శాశ్వత దంతం వచ్చి ఆరు నెలలు దాటినా అవతలి జత జాడ లేకపోతే మాత్రం దంతవైద్యులు ఎక్స్‌రే తీయమంటారు. దారికి అడ్డంగా అదనపు పన్ను ఒకటి ఇరుక్కుని ఉండొచ్చు, ఆ పంటి మొగ్గే పుట్టి ఉండకపోవచ్చు, చిన్నప్పుడు దెబ్బ తగిలి పాలపన్ను ముందుగానే ఊడటంతో పక్క పళ్లు జరిగి చోటు మూసేసి ఉండొచ్చు. ఏడాదిన్నర దాటినా ఒక్క పాలపన్నూ రాకపోవడం కూడా చూపించుకోవాల్సిన విషయమే. అక్కడ డాక్టరు, పిల్లవాడు ఎప్పుడైనా పడ్డాడా, ఏ పన్ను ముందు ఊడింది, ఇంట్లో ఇంకెవరికైనా పళ్లు తక్కువగా ఉన్నాయా అని అడుగుతారు. పిల్లవాడు ఏ చేత్తో రాస్తాడన్న ప్రశ్న ఆ వరసలో రాదు.